గాయం చుట్టూ పరచే గుడ్డ



కొన్ని నెలల క్రితం, ఆదివారం పూజ ముగిశాక, మా విచారణలోని ఒక ఇంటాయన వచ్చి జేబులోనుంచి ఒక చీటీ తీసి చూపించాడు. ఆయన తల్లికి మోకాలి కీలు మార్చే ఆపరేషన్ చేయాలి. బయట కొనుక్కురమ్మని ఆసుపత్రివారు రాసిచ్చిన సామాను జాబితా అది. చివరి వరుసలో ‘అయోడిన్ ఉన్న అంటించే డ్రేప్’ అని ఉంది.

“ఫాదర్ గారూ, ఇది వేస్తే ఇక చీము పట్టే ప్రసక్తే లేదని మందుల షాపతను చెబుతున్నాడు. దీని ఖరీదు నాకు భారమే. కాని అమ్మ కదా! అప్పు చేసైనా కొనమంటారా?” అని అడిగాడు.

నేను డాక్టరును కాను. “ఆపరేషన్ చేసే సర్జన్‌నే ఈ మాట అడుగు, మొహమాటపడకు” అని చెప్పి పంపాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆపరేషన్ అనగానే మన కుటుంబాలలో మొదట పుట్టే భయం కత్తి గురించి కాదు, కుట్లకు చీము పడుతుందేమోనని. ఆ భయంలో ఎవరు ఏది కొనమన్నా కొంటాం, ఎవరు ఏది పూయమన్నా పూస్తాం. అందుకే ఈ విషయాన్ని కొంత చదివి, తెలిసినవారిని అడిగి, మీ ముందు పెడుతున్నాను.

చీము ఎక్కడి నుంచి వస్తుంది?

మన చర్మమే మనకు మొదటి కోటగోడ. సర్జన్ కత్తి ఆ గోడకు ఒక ద్వారం తెరుస్తుంది. ఆ ద్వారం గుండా సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లి పెరిగితే గాయం ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. ఆపరేషన్ జరిగిన 30 రోజుల లోపల ఇలా జరిగితే దానిని ఆపరేషన్ గాయపు ఇన్ఫెక్షన్ అంటారు. కృత్రిమ కీలు వంటి వస్తువును లోపల అమర్చినప్పుడు 90 రోజుల వరకు గమనిస్తారు.

ఇది అరుదైన విషయం కాదు. ఆదాయం తక్కువగానూ ఒక మోస్తరుగానూ ఉన్న దేశాలలో ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 100 మందిలో 11 మందికి ఇన్ఫెక్షన్ వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించింది. అలా వస్తే మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఖర్చు, పోయిన కూలి రోజులు. ఒక్కొక్కసారి ప్రాణమే పోతుంది.

ఆ క్రిములు ఎక్కడివి? ఆసుపత్రి గోడల నుంచో, గాలి నుంచో వస్తాయని మనం అనుకుంటాం. కొన్ని డాక్టర్ల, నర్సుల చేతుల నుంచి, సరిగా శుద్ధి కాని పనిముట్ల నుంచి వచ్చే మాట నిజమే. కాని ఎక్కువ భాగం రోగి ఒంటి మీదే ఉంటాయి. అతని చర్మం మీద, వెంట్రుకల కుదుళ్లలో, ముక్కు రంధ్రాలలో అవి ఎప్పుడూ కాపురం ఉంటాయి. చర్మం మీద ఉన్నంతసేపు వాటివల్ల మనకు సాధారణంగా ఇబ్బంది లేదు. కోసిన చోటు నుంచి లోపలికి జారితేనే చిక్కు. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగిలిన పాఠం తేలికగా అర్థమవుతుంది.

గ్లాస్గోలో ఒక బాలుడు

1865 ఆగస్టు 12న స్కాట్లండులోని గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి జేమ్స్ గ్రీన్లీస్ అనే 11 ఏళ్ల బాలుణ్ణి తీసుకువచ్చారు. బండి చక్రం కాలి మీదుగా వెళ్లి ఎముక విరిగింది, చర్మం చీలింది. ఆ రోజుల్లో ఇలాంటి గాయాలు తరచు కుళ్లిపోయేవి. కాలు తీసివేయడమో, ప్రాణం వదులుకోవడమో అన్నట్టుండేది.

అక్కడి సర్జన్ జోసెఫ్ లిస్టర్. పదార్థాలు కుళ్లడానికి సూక్ష్మజీవులే కారణమని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ చూపించిన సంగతి ఆయన చదివాడు. కార్లైల్ అనే పట్టణంలో మురుగునీటికి కార్బాలిక్ ఆమ్లం కలిపితే కంపు తగ్గిందన్న సంగతి కూడా చదివాడు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించాడు. మురుగులో కుళ్లును ఆపేది గాయంలో కుళ్లును ఎందుకు ఆపకూడదు? ఆ బాలుని గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కట్టు కట్టించాడు. గాయం కుళ్లలేదు. ఆరు వారాలలో ఎముక అతికింది. పిల్లవాడు కాలుతో సహా ఇంటికి వెళ్లాడు.

లిస్టర్ లెక్కలు కూడా రాసి ఉంచాడు. ఈ పద్ధతి రాకముందు, 1864-66 మధ్య, ఆయన వార్డులో కాళ్లూ చేతులూ తీసివేసిన 35 మందిలో 16 మంది మరణించారు. వచ్చిన తరువాత, 1867-69 మధ్య, 40 మందిలో మరణించినవారు ఆరుగురు.

తరువాత కోసే చోటు చుట్టూ కార్బాలిక్ నీటిలో పిండిన తువాళ్లు పరచడం వాడుకలోకి వచ్చింది. ఈనాటి ‘మందు ఉన్న డ్రేప్’కు ఆ తువ్వాలే అవ్వ అనుకోవచ్చు.

లిస్టర్ మరో పని కూడా చేశాడు. గాలిలో క్రిములు గాయం మీద పడతాయని తలచి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపు కార్బాలిక్ తుంపరను గాలిలోకి చిమ్మే యంత్రాన్ని 1871లో ప్రవేశపెట్టాడు. డాక్టర్ల కళ్లు మండేవి, చేతులు పగిలేవి. అయినా ఆయన పేరు మీద ఎందరో దానిని వాడారు. కాని గాలిలోని క్రిములవల్ల కలిగే ప్రమాదం తాను అనుకున్నంత లేదని కాలక్రమంలో ఆయనకే తేటపడింది. 1890లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో, అలాంటి తుంపరను ఎప్పుడో తాను సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని నిండు సభలో చెప్పాడు. కార్బాలిక్ కట్టు కట్టి ప్రాణాలు నిలిపిన లిస్టర్ నాకు ఎంత గొప్పవాడో, తన తుంపరను వదులుకున్న లిస్టర్ అంతకంటె గొప్పవాడు.

చంపడం వేరు, రానివ్వకపోవడం వేరు

లిస్టర్ మార్గం, వచ్చిన క్రిమిని మందుతో చంపడం. 1880లలో జర్మనీ డాక్టర్లు మరో మెట్టు ఎక్కారు. క్రిమి వచ్చాక చంపడం కంటె అసలు రానివ్వకపోవడం మేలు కదా అన్నారు. పనిముట్లనూ గుడ్డలనూ వేడి ఆవిరితో శుద్ధి చేయడం అలా మొదలైంది. ఇప్పుడు ప్రతి ఆపరేషన్ థియేటర్ పక్కన ఉండే ఆటోక్లేవ్ చేసే పని అదే. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పనిచేసే సూత్రమే దానిదీ. ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీలకు చేరి, గుడ్డ మడతల్లోకి చొచ్చుకుపోయి, మామూలు మరుగునీటికి చావని క్రిమిబీజాలను కూడా చంపుతుంది.

అలా శుద్ధి చేసిన ఆకుపచ్చ, నీలం గుడ్డలను రోగి ఒంటి మీద కప్పి, కోయవలసిన చోటు మాత్రం తెరచి ఉంచుతారు. వీటినే డ్రేపులంటారు. డ్రేప్ అంటే చేనికి వేసిన కంచెలాంటిది. కంచె ఇవతల శుద్ధమైన చోటు, అవతల మిగిలిన లోకం. సర్జన్ చేయి, కత్తి, దారం కంచె దాటి పోకూడదు. పొరపాటున దాటితే ఆ చేతి తొడుగు మార్చాలి, ఆ కత్తి పక్కన పెట్టాలి.

ఈ కంచెకు ఒక బలహీనత ఉంది. గుడ్డ పొడిగా ఉన్నంతసేపే అది అడ్డు. రక్తంతోనో సెలైన్‌తోనో తడిస్తే, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, ఆ తడి వెంట క్రిములు కింది నుంచి పైకి వస్తాయి. 1952లో అమెరికాలో విలియం బెక్ అనే సర్జన్ మరొకరితో కలిసి ఈ సంగతిని చూపించారు. సర్జన్ గౌను మీదా డ్రేప్ మీదా ఉన్నది తప్పుడు విశ్వాసమని తమ వ్యాసానికి పేరు పెట్టారు. గుడ్డ శుద్ధమైనదే కావచ్చు. అది తడిసినప్పుడు కూడా కాపాడుతుందని నమ్మడమే తప్పు. ఆ తరువాత తడి దిగని నేతలు, ఒక్కసారి వాడి పారవేసే డ్రేపులు వచ్చాయి.

అంటించే పొర

1950లలో మరొక ఆలోచన వచ్చింది. గుడ్డ జరిగిపోవచ్చు, తడవవచ్చు. అలా కాకుండా పలుచని ప్లాస్టిక్ పొరను చర్మానికి అంటించి, ఆ పొర మీదుగానే కోస్తే? చర్మం మీది క్రిములు దాని కింద బందీలవుతాయి, గాయంలోకి రాలేవు. తరువాత ఆ జిగురులోనే అయోడిన్ మందు కలిపారు. అడ్డుకు అడ్డు, మందుకు మందు. మన ఇంటాయన చీటీలో ఉన్నది అదే.

వింటే ఎంత సబబుగా ఉంది! సెమినరీలో మాకు తర్కశాస్త్రం చెప్పిన గురువుగారు పదే పదే ఒక మాట అనేవారు, సబబుగా ఉండడం వేరు, నిజం కావడం వేరు అని. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పండు పడిందని చూసినవాడు ప్రమాణం చేసి చెబుతాడు. పొర అంటించారు, గాయం మానింది. పొరవల్లనే మానిందా? అది తెలియాలంటే, ఒకే రకం ఆపరేషన్ చేయించుకునేవారిని చీట్లు వేసి రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పొర అంటించి, మరొక గుంపుకు అంటించకుండా, చివరకు లెక్క చూడాలి.

అలా చూశారు. కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఇటువంటి పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి 2007లో ఒకసారి, 2015లో మరొకసారి పరిశీలించింది. మందు లేని పొర గురించి అయిదు పరీక్షలు, మొత్తం 3082 మంది రోగులు. ఫలితం ఎవరూ అనుకోనిది. పొర లేనివారిలో 100 మందికి ఇన్ఫెక్షన్ వస్తే, అంతే సంఖ్యలో ఉన్న పొర అంటించినవారిలో సుమారు 123 మందికి వచ్చింది. కంచే చేను మేసిందన్న మాట! అయోడిన్ ఉన్న పొర గురించి రెండు పరీక్షలు, 1113 మంది. అక్కడ అంటించినవారికీ అంటించనివారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కీడూ లేదు, మేలూ లేదు.

పొర ఎందుకు పనిచేయలేదు? చర్మం పైన ఉన్న క్రిములను ముందే మందుతో తుడిచివేస్తారు. మిగిలేవి వెంట్రుకల కుదుళ్లలో లోతుగా ఉన్నవి. పొర కింద వెచ్చదనం, చెమట చేరితే అవి పెరుగుతాయి. పొర అంచు లేచిందంటే గాయంలోకి దారి దొరుకుతుంది. వైద్యులు చెప్పే కారణం ఇది.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సలహా ఏమంటే, ఇన్ఫెక్షన్ రాకుండా ఉండాలన్న ఉద్దేశంతో ఈ అంటించే పొరలను, మందు ఉన్నా లేకపోయినా, వాడవద్దు. అదే సంస్థ మరొక మాట కూడా చెప్పింది. ఉతికి, ఆవిరిలో శుద్ధి చేసి మళ్లీ వాడే నేత గుడ్డ అయినా, ఒక్కసారి వాడి పారవేసే డ్రేప్ అయినా, శుద్ధంగా ఉంటే రెండూ వాడదగినవే. పేద రోగులకు ఈ మాట ఎంత ఊరట! గుడ్డ ఉతికి వాడినదని మన అమ్మకు తక్కువ వైద్యం జరిగినట్టు కాదు.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. మందు లేని పొరను మామూలుగా వాడవద్దనీ, పొర అవసరమే అయితే, అయోడిన్ పడనివారికి తప్ప, అయోడిన్ ఉన్నదే వాడమనీ ఇంగ్లండులోని నైస్ అనే సంస్థ చెబుతుంది. 2020లో ప్రచురితమైన డెన్మార్క్ పరీక్షలో, మోకాలి ఆపరేషన్ చేయించుకున్న వెయ్యిమందికి పైగా రోగులను చూస్తే, అయోడిన్ పొర వాడినవారిలో 10 శాతం, వాడనివారిలో 15 శాతం మంది గాయాలలో ఆపరేషన్ సమయంలో క్రిములు కనిపించాయి. ఇది మంచి వార్తే. కాని గాయంలో క్రిమి కనిపించడం వేరు, గాయానికి చీము పట్టడం వేరు. మొదటిది తగ్గితే రెండవదీ తగ్గుతుందని ఆశించవచ్చు, తగ్గిందని చెప్పడానికి మాత్రం అది చాలదు. పైగా పొరను సర్జన్లు వేరే పనికీ వాడతారు. చుట్టూ ఉన్న గుడ్డలు జారకుండా అది పట్టి ఉంచుతుంది. కాబట్టి ఈ వ్యాసం చదివి డాక్టరుగారితో తగాదా పెట్టుకోకండి. అడిగి తెలుసుకోండి.

మరి గాయాన్ని నిజంగా కాపాడేవి ఏవి?

ఇవేవీ కొత్త వింతలు కావు. చాలావరకు ఖర్చు లేనివి. వీటిలో కొన్ని ఆసుపత్రి చేయవలసినవి, కొన్ని మన ఇంటివారు చేయవలసినవి.

ఆసుపత్రి వంతు: కోయడానికి ముందు రెండు గంటల లోపల, అవసరమైన ఆపరేషన్లకు, తగిన యాంటిబయాటిక్ ఇవ్వడం. ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం. చేతులు పద్ధతి ప్రకారం కడుక్కోవడం. ఆపరేషన్ సమయంలో రోగి ఒళ్లు చల్లబడకుండా చూడడం. ఏ మెట్టూ మరచిపోకుండా ఒక పట్టికను పైకి చదివి సరిచూసుకోవడం. ఈ పట్టికను న్యూఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రితో సహా ఎనిమిది నగరాలలో పరీక్షించారు. ఆపరేషన్ తరువాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. ఒక కాగితం, పది నోళ్లు, కొంచెం వినయం కలిస్తే వచ్చిన ఫలితం అది.

ఇంటివారి వంతు:

1. ఆపరేషన్‌కు ముందు రోగికి సబ్బుతో స్నానం చేయించండి. మామూలు సబ్బు చాలు.

2. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీయకండి. బ్లేడు కంటికి కనబడని గాట్లు పెడుతుంది, వాటిలో క్రిములు చేరతాయి. తీయవలసి వస్తే ఆసుపత్రివారే క్లిప్పర్‌తో కత్తిరిస్తారు.

3. షుగర్ ఉంటే దాచకండి. అదుపులోకి వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేద్దామంటే విసుక్కోకండి. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. అయోడిన్ గాని, ఏదైనా మందు గాని పడకపోతే ముందే చెప్పండి.

4. “పెద్ద యాంటిబయాటిక్ రాయండి, ఇంకో వారం రాయండి” అని డాక్టరును ఒత్తిడి చేయకండి. చీము రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మందును ఆపరేషన్ ముగిశాక పొడిగించడంవల్ల లాభం లేదు. పైగా మందుకు లొంగని క్రిములు తయారవుతాయి. చికిత్స కోసం డాక్టరు రాసిన మందును మాత్రం మధ్యలో మానకండి.

5. కట్టు విప్పి చూడకండి. కుట్ల మీద పసుపు, నూనె, బూడిద, పేడ వంటివి ఏవీ వేయకండి. ఎరుపు, వేడి, వాపు, పెరిగే నొప్పి, చీము, జ్వరం కనిపిస్తే మరునాటి దాకా ఆగకుండా వెళ్లండి.

6. చూడవచ్చినవారు రోగి మంచం మీద కూర్చోకండి. రోగిని తాకే ముందు, తాకిన తరువాత చేతులు కడుక్కోండి.

ఈ చివరి మాట రాస్తున్నప్పుడు నా చేయి కొంచెం ఆగింది. గురువునైన కొత్తలో ఒక ఆసుపత్రిలో మంచం నుంచి మంచానికి వెళ్తూ దివ్యసత్ప్రసాదం ఇచ్చేవాణ్ణి. ప్రతి రోగి తల మీదా చేయి ఉంచేవాణ్ణి. మధ్యలో ఒక్కసారైనా చేతులు కడుక్కున్న గుర్తు లేదు. ఒకనాడు ఒక ముసలి నర్సమ్మ మెల్లగా దగ్గరకు వచ్చి, “ఫాదర్ గారూ, దీవెనతోపాటు పక్క మంచం జబ్బు కూడా తీసుకురాకండి” అంది. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఈ రోజు కృతజ్ఞత ఉంది. వ్యాధిగ్రస్తులను దర్శించడం ప్రేమకార్యమే. కడిగిన చేతులతో దర్శిస్తే ఆ ప్రేమ లోపం లేనిదవుతుంది. అలాగే ప్రార్థన చేసేవారు గాయం మీద చేయి పెట్టకండి. పవిత్ర జలం గాని, నూనె గాని కట్టు మీద చల్లకండి. నుదుట సిలువ గుర్తు వేస్తే చాలు. దేవుడు ఆలకిస్తాడు.

మన ఇంటాయన సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన ధైర్యం చేసి సర్జన్‌ను అడిగాడు. ఆయన నవ్వి, “గుడ్డలు జారకుండా ఉంటాయని నేను వాడతాను. నీకు భారమైతే వద్దు, వేరే విధంగా బిగిస్తాం. అంతకంటె ముందు మీ అమ్మ షుగర్ తగ్గించుకురా” అన్నాడట. ఆపరేషన్ నెల రోజులు వెనక్కు జరిగింది. ఆ నెల కొడుకు పొర కోసం అప్పు చేయలేదు. తల్లి పక్కన కూర్చుని అన్నం కొలత తగ్గించాడు, వేళకు మందు వేశాడు, కాఫీలో చక్కెర మాన్పించాడు. ఇది కొనడం కంటె కష్టమైన పని. ఆమె ఇప్పుడు కర్ర సాయంతో గుడికి నడిచి వస్తున్నది. ఆ నెల జాగ్రత్తవల్లనే గాయం మానిందని నేను ప్రమాణం చేయను. కాకి, తాటిపండు సంగతి నాకు గుర్తుంది. కాని ఆ నెల వ్యర్థం కాలేదని మాత్రం చెప్పగలను.

కుటుంబంలో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో ఎవరికైనా కుట్లకు చీము పట్టిందా? అప్పుడు మనం ఏం చేశాం? ఈనాడైతే ఏది వేరుగా చేస్తాం?

2. ‘దీనివల్లే తగ్గింది’ అని మనం గట్టిగా నమ్మే మందు గాని, అలవాటు గాని ఏదైనా ఉందా? దానికి మనకున్న ఆధారం ఏమిటి?

3. లిస్టర్‌లాగా, తప్పని తెలిసిన తరువాత మనం విడిచిపెట్టిన అలవాటు ఒకటి చెప్పుకుందాం. ఇంకా విడిచిపెట్టలేనిది ఏది?